భీమిలి మట్టి మూట

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. పెళ్లయి వచ్చిన కొత్తలో, మా గల్లీ చివరి పాడుబడ్డ ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని అందరూ అటు పోవడం మానేశారు. నేను మాత్రం ఆ ఇంటి అరుగు మీదే వడియాలు ఎండబెట్టుకున్నాను. అక్కడ ఎండ బాగా తగులుతుంది మరి. వడియాలు తిన్నవాళ్లెవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు కూడా దయ్యం ఉందని చెప్పడానికి ఇది రాయడం లేదు. కళ్లతో చూసింది, చేత్తో తాకింది, క్యాలెండరు మీద రాసుకున్నది మాత్రం రాస్తాను. చదివి మీరేమనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మాది వరంగల్‌లో స్టీలు సామాన్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. బిడ్డ పెళ్లయి పరకాలలో ఉంటుంది. దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. మూడు వైపులా బిందెలు, డబ్బాలు, గంగాళాలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. కిటికీ అన్నది లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు వెలగాల్సిందే.

ముప్పై ఏళ్లుగా మా ఆయన ఆ ట్యూబులైటు కిందే కూర్చుని సామాన్ల మీద పేర్లు కొడుతున్నాడు. పెళ్లి సామాను కొన్నవాళ్లు పేర్లు కొట్టించుకోకుండా పోరు. కరెంటుతో నడిచే చిన్న మిషన్ ఉంటుంది, దాన్ని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. చెయ్యి కాస్త జారినా పేరు పాడవుతుంది. ఆయన చెయ్యి ఎన్నడూ జారలేదు. హనుమకొండ నుంచి కూడా పనిగట్టుకుని మా దగ్గరికే వస్తారు.

మూడేళ్ల కింద సింహాచలం వెళ్లాం. దర్శనమయ్యాక ఆటో అతను మమ్మల్ని సముద్రం దగ్గర దింపాడు. యాభై ఏడేళ్ల మనిషి, సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. చెప్పులు విడిచి ఇసుకలో కూర్చున్నాడు. రైలుకు టైమవుతోందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా లేవలేదు.

"జర ఆగు విజయా. ఇంత దూరం చూసి ఎన్నేండ్లయిందో" అన్నాడు.

అప్పుడు నాకు కోపమే వచ్చింది. రైల్లో కూర్చున్నాక ఆలోచిస్తే బాధేసింది. దుకాణంలో కూర్చుంటే ఆయనకు ఎదురుగా కనిపించేది రోడ్డవతల చెప్పుల షాపు ఒక్కటే.

అక్కడి నుంచి ఆయన ఫోను నిండా సముద్రం పక్కన ఇళ్లే. అమ్మకానికి ఉన్న ఇళ్ల వీడియోలు. అన్నం తింటూ చూసేవాడు, గిరాకీ లేనప్పుడు చూసేవాడు. చివరికి ఒక ఇంటి మీద మనసు పడింది. భీమిలి దగ్గర, ఒడ్డుకు కాస్త ఎత్తులో, కొత్తగా కట్టిన ఇల్లు. హనుమకొండలో మాకున్న ప్లాటు అమ్మేసి, దుకాణం కిరాయికిచ్చి, ముగ్గురం అక్కడికే పోదామన్నాడు.

ఆ ఇంటిని చూడటానికి రెండుసార్లు వెళ్లాం. నిజం చెప్పాలంటే ఇల్లు ఇల్లులా లేదు, పెద్ద హోటలులా ఉంది. తెల్లటి గోడలు. సముద్రం వైపు గోడ ఉండాల్సిన చోట నేల నుంచి పైదాకా అద్దమే. పైకి పోవడానికి లిఫ్టు. వంటింట్లో గట్టు నల్లగా, నున్నగా మెరుస్తోంది. దాని మీద పోపు వేయాలంటే నాకు చేతులు రావు. స్నానాల గదిలోంచి కూడా సముద్రం కనిపిస్తుందని బ్రోకరు గొప్పగా చెప్పాడు. "మరి సముద్రానికి మనం కనిపించమా?" అని అడిగాను. బ్రోకరు నవ్వాడు, మా ఆయన నవ్వలేదు.

ఆ ఇంటిని చూసుకునే ఆమె పేరు నూకాలు. పక్కన ఉన్న మత్స్యకారుల పేటలో ఆమె ఇల్లు. మేము మొదటిసారి కార్తీకంలో వెళ్లినప్పుడు సముద్రం ఇంటి కింది రాళ్ల దాకా వచ్చి కొడుతోంది. రెండోసారి వైశాఖంలో వెళ్తే ఎక్కడో దూరంగా ఉంది, మధ్యలో ఇసుకే ఇసుక. మా ఆయన అద్దం దగ్గర నిలబడి, "ఎండాకాలం గదా, నీళ్లు తగ్గినయ్" అన్నాడు. నిజమేనన్నట్టు నేనూ తలూపాను. మా చెరువులు అలాగే తగ్గుతాయి మరి. నూకాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. నాకు ఆ ఇల్లు ఇష్టం లేదు. నాకు మా గల్లీ కావాలి. పొద్దున్నే పేరు పెట్టి పిలిచే కూరగాయలామె కావాలి. గంటలో బిడ్డ ఇంటికి పోయి రాగలిగే బస్సు కావాలి. ఆ మాట ఆయనతో రెండుసార్లు అన్నాను, రెండుసార్లూ గొడవైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నా మీదికి వచ్చింది దీనివల్లే.

మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులతో ప్రయాణం చేయలేదు. కానీ ఆమె మాట కాదని మా ఆయన ఏ పనీ చేయడు. ఆమె పుట్టింటి నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది. ఇల్లు గానీ జాగా గానీ కొనేముందు దాని ఈశాన్యం మూల నుంచి దోసెడు మట్టి తెచ్చి, పసుపు గుడ్డలో మూట కట్టి, అమావాస్య నుంచి పున్నమి దాకా పూజగదిలో పెడతారు. పున్నమి నాడు మూట విప్పి చూస్తారు. మట్టి పొడిగా ఉండి, మంచి వాసన వస్తే ఆ జాగా మనతో కలిసినట్టు. మా ఇల్లు, హనుమకొండ ప్లాటు అలా చూసి కొన్నవే. నేను లోపల నవ్వుకునేదాన్ని. మట్టి పొడిగా ఉండక ఏం చేస్తుంది?

రెండోసారి వెళ్లినప్పుడు మట్టి తెచ్చింది నేనే. ఇంటి చుట్టూ గడ్డి పరిచి, దారంతా బండలు వేసి ఉన్నాయి. ఈశాన్యం మూలన ఒక గోరింట మొక్క ఉంటే దాని మొదట్లో నూకాలు గరిటెతో తవ్వి ఇచ్చింది. ఎర్రమట్టి, కాస్త గులకరాయి. వరంగల్ వచ్చేసరికి పొడిపొడిగా ఉంది. అత్తమ్మ దాన్ని పూజగదిలో ఇత్తడి పళ్లెంలో పెట్టింది. పున్నమి కాగానే వచ్చి కాగితాలు రాసుకుంటామని మా ఆయన బ్రోకరుకు మాట ఇచ్చాడు.

మూట పెట్టిన మూడో రోజు, విదియ నాడు, పువ్వులు పెడుతుంటే చేతికి చల్లగా తగిలింది. మూట తడిసి ఉంది. గుడ్డలోంచి నీళ్లు కారి పళ్లెంలో కొద్దిగా చేరాయి. టైము పదిన్నర కావస్తోంది. నేనే ఎక్కడో కలశం నీళ్లు ఒలకబోసి ఉంటాననుకుని పళ్లెం తుడిచి పెట్టాను. మధ్యాహ్నానికి మూట ఎండిపోయింది. అప్పటికి ఎండలు మండిపోతున్నాయి, అందులో వింతేమీ లేదు.

మర్నాడు పదకొండు దాటాక మళ్లీ తడి. ఈసారి నేను పూజగదిలోకి నీళ్లే తీసుకుపోలేదు. కూలరు గాలి తగులుతోందేమోనని మూటను వంటింట్లో బియ్యం డ్రమ్ము మీదికి మార్చాను. చవితి నాడు పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా డ్రమ్ము మూత మీద నీళ్లు. ఎలుకలా, బల్లులా అని డ్రమ్ము వెనకంతా వెతికాను. పై కప్పు చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. మూట ఎండాక గుడ్డ మీద తెల్లటి చారలు మిగిలాయి. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

తదియ నుంచే నాకు మనసు మనసులో లేదు. కూర్చుంటే లేవబుద్ధయ్యేది, లేస్తే వంటింటి వైపు కాళ్లు పోయేవి. పొయ్యి మీద కూర పెట్టి మూట దగ్గర నిలబడేదాన్ని. రెండు కూరలు మాడాయి. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేందని అత్తమ్మ గదమాయించింది. నేను చూసిన టైములన్నీ క్యాలెండరులో తిథుల పక్కన పెన్సిలుతో రాశాను. రోజు రోజుకూ ముప్పావుగంటో ఇంకాస్తో వెనక్కి జరుగుతోంది. పొద్దున లేచేసరికి గుడ్డ మీద కొత్త చారలు ఉండేవి, అంటే రాత్రి కూడా ఒకసారి తడిసేదన్నమాట. ఎవరైనా కావాలని చేస్తున్నట్టయితే ఇంత లెక్కగా ఎవరు చేస్తారు? చేసేవాళ్లు మాత్రం మా ఇంట్లో ఎవరున్నారు?

ఆ ప్రశ్నకు మా ఆయన దగ్గర జవాబు ఉంది.

చవితి రాత్రి అన్నాలప్పుడు అత్తమ్మతో చెప్పాను. మా ఆయన పళ్లెంలో చెయ్యి అలాగే పెట్టి నా వైపు చూశాడు.

"నువ్వే తడుపుతానవ్ గదా?" అన్నాడు.

వడ్డిస్తున్న గంటె కింద పెట్టాను.

"నీకా ఇల్లు ఇష్టం లేదు. నాకు తెలుసు. ఇష్టం లేకుంటే లేదని చెప్పు. గని అమ్మ నమ్మేదాన్ని అడ్డం పెట్టుకొని గిట్ల చేస్తవనుకోలే."

ముప్పై ఏళ్ల కాపురంలో మేము తిట్టుకోలేదని కాదు. నేను గట్టిగా అరుస్తాను, ఆయన మూతి ముడుచుకుని దుకాణంలోకి దిగిపోతాడు. సాయంత్రానికి అన్నీ మామూలే. కానీ నన్ను ఒక దొంగను చూసినట్టు చూడటం అదే మొదటిసారి. ఇల్లు కొంటాడా కొనడా అన్నది ఆ క్షణంలో నాకు చిన్న విషయమైపోయింది. ఏడుపు రాలేదు, మండుకొచ్చింది. లేచిపోయి క్యాలెండరు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"రేపు పంచమి. పన్నెండున్నర ఒంటిగంట నడుమ తడుస్తది. మూట మీరే తీసుకపోండ్రి. మీ దగ్గరనే పెట్టుకోండ్రి. నేను కిందికి దిగ" అన్నాను.

పొద్దున ఆయన దుకాణంలోంచి కొత్త స్టీలు డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తిప్పి బిగించే రకం, అందులో ఊరగాయ పోసి తలకిందులు చేసినా చుక్క కారదు. మూటను నా ముందే విప్పి, మట్టిని కాగితం మీద పోసి వేళ్లతో కలిపి చూశాడు. పొడిగా ఉంది. డబ్బాలో పోసి మూత బిగించి, చుట్టూ టేపు వేసి, టేపు మీద పెన్నుతో సంతకం కూడా చేశాడు. కిందికి తీసుకుపోయి తాను పేర్లు కొట్టే బల్ల మీద పెట్టుకున్నాడు. నేను అన్న మాట ప్రకారం దిగలేదు. పైన మెట్ల మొదట్లో పీట వేసుకుని కూర్చున్నాను. చిక్కుడుకాయలు ముందేసుకున్నాను గానీ ఒక్కటీ తుంచలేదు. కింద మిషన్ చప్పుడు జుయ్యిమని వినిపిస్తూనే ఉంది.

పన్నెండు ముప్పావుకు మిషన్ ఆగింది.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఐదు నిమిషాలు చూశాను. ఇక ఉండలేక దిగిపోయాను. టేపు తెగి బల్ల మీద పడి ఉంది. మా ఆయన డబ్బాలో కుడిచెయ్యి పెట్టి, పిడికిలి బిగించి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. డబ్బాలో సగం దాకా తడి బురద. ఆ పిడికిలి విప్పడానికి చాలాసేపు పట్టింది.

మూత ఎందుకు తీశారని అడిగితే, "చల్లగైంది. డబ్బ మీద చెయ్యి పెడితే చల్లగైంది" అని మాత్రం చెప్పాడు.

ఆ రోజు రాత్రి అత్తమ్మ ఆ మట్టిని చూసింది. పున్నమి దాకా ఆగనక్కర లేదంది. ఆమెలో భయం నాకు కనిపించలేదు, జాలి కనిపించింది.

"ఈ మట్టి మనింటికి రాలే బిడ్డా. మీరు తెచ్చిన్రు గని అది రాలే. అది ఇంకా ఆడనే ఉన్నది. దాన్ని మల్ల దాని జాగల పోసిరా" అంది కొడుకుతో.

మా ఆయన సరేనన్నాడు. ఫోను తీసి బ్రోకరుకు వద్దని చెప్పేశాడు. రెండేళ్లుగా కన్న కల రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు సంతోషమైంది. ఆ వెంటనే, సంతోషపడినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. ఆయన ఫోను పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న గోడ వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. నన్ను అనుమానించినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. అది నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మట్టిని తిరిగివ్వడానికి ఇద్దరం వెళ్లాం. వెళ్లేటప్పుడు క్యాలెండరు కాగితం చింపి సంచిలో పెట్టుకున్నాను. నాకింకా ఒక ఆశ ఉంది. అక్కడ మొక్కలకు మోటారు వేసే టైములు ఇవే అయితే, దానికీ దీనికీ ఏదో సంబంధం చెప్పుకోవచ్చని. ఏం సంబంధమని అడగకండి. మనసు ఏదో ఒక కొమ్మ పట్టుకోవాలని చూస్తుంది.

నూకాలును అడిగాను. మొక్కలకు నీళ్లు పొద్దున్నే ఒక్కసారే పెడతానంది. అప్పుడు ఆమె తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి, గోడ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నూకాలు నా చేతిలో కాగితం తీసుకుని చదవబోయింది.

"పాడ్యమి..." అని ఆగింది. పాడ్యమికి నేను టైమేమీ రాయలేదు, ఆ రోజు నేను చూసుకోలేదు.

"తొమ్మిదిన్నర దాటాక" అన్నాడు ముసలాయన వల మీంచి తలెత్తకుండా.

"నిన్నెవులడిగారు అయ్యా? విదియ..."

"పదిన్నరకి కాస్త ముందు."

నూకాలు కాగితం వైపు చూసింది. గొంతు తగ్గించి తదియ అంది. ఆయన పదకొండు దాటాకన్నాడు. చవితి అంది. పన్నెండన్నాడు. పంచమి అంది. పన్నెండు ముప్పావు, ఒంటిగంట అన్నాడు. ఒక్క టైము కూడా ఆయన కాగితంలో చూడలేదు. నేను పెన్సిలుతో రాసుకున్న అంకెలు ఆయన నోట్లోంచి వరసగా వస్తున్నాయి.

"ఇయి పోటు వేళలు గదేటమ్మా" అన్నాడు చివరికి. "తిథి సెప్తే సాలు, పోటెప్పుడో సెప్పేత్తాం. మీకెలాగ తెలిసింది? మీరూ వేటకెళ్తారేటి?"

చేపల వేటకు. మేము. వరంగల్ నుంచి.

ఆటుపోట్లని బడిలో చదువుకున్నాను, పరీక్షలో కూడా రాశాను. సముద్రం రోజుకు రెండుసార్లు పైకి వచ్చి వెనక్కి పోతుందని, రోజూ ముప్పావుగంట పైచిలుకు ఆలస్యంగా వస్తుందని రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయాను. ఎండాకాలం గదా నీళ్లు తగ్గినయ్ అన్నప్పుడు నూకాలు ఎందుకు నవ్విందో అప్పుడర్థమైంది. మేము మొదటిసారి పోటులో చూశాం, రెండోసారి ఆటులో చూశాం, అంతే.

ఇంకొక్క ఆశ మిగిలింది. అది సముద్రం పక్కన మట్టి, దానిలో ఉప్పూ చెమ్మా పట్టి ఉంటాయి కదా అన్నాను.

"ఇక్కడి మట్టి కాదమ్మా అది" అంది నూకాలు. "ఇల్లు కట్టినప్పుడు లారీలతో తెచ్చి పోసీసినారు. ఇక్కడ ఉన్నదంతా ఇసుకే. మా వలలు ఆరేసుకునే ఇసుక."

అంటే ఆ మట్టికి కూడా సముద్రంతో ఏ సంబంధమూ లేదు. ఏదో కొండ కింద తవ్వి తెచ్చిన మట్టి. మరి మా వంటింట్లో డ్రమ్ము మీద దానికి సముద్రపు టైములెందుకు? ముసలాయన ఏమైనా చెబుతాడేమోనని చూశాను. ఆయన వల చూసుకుంటున్నాడు. గంగమ్మ తల్లికి దండం పెట్టుకుని వెళ్లండి అన్నాడు, అంతే.

మా ఆయన మట్టిని గోరింట మొదట్లో పోసి, కిందికి దిగి సముద్రంలో చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడిగాడు. వెనక్కి తిరిగి ఆ అద్దాల ఇంటిని చూసి, చెప్పులేసుకుని నడిచాడు. నెల తిరక్కుండానే ఆ ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారని తెలిసింది. వాళ్లు హాయిగా ఉన్నారని నూకాలు ఫోనులో చెప్పింది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదట.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

శ్రావణంలో పెళ్లి గిరాకీ మొదలైంది. ఒకరోజు ఒకామె బిందె వెనక్కి తెచ్చింది. పేరు మధ్యలో గీత పక్కకు పోయింది. మా ఆయన జీవితంలో బిందె వెనక్కి రావడం అదే మొదలు. వారం తిరక్కుండా ఇంకొకటి. అడిగితే, చెయ్యి చెమట పడుతోంది, మిషన్ జారుతోంది అన్నాడు. కుడిచెయ్యే. ఎడమది పొడిగా ఉంటుంది.

హనుమకొండలో డాక్టరుకు చూపించాం. షుగరు లేదు, గుండె బాగుంది. అరచేతులు చెమట పట్టడం కొందరికి ఉంటుందని మందు రాశాడు. ఒక్క చేతికే ఎందుకు పడుతుందంటే, అలా కూడా అవుతుందన్నాడు. ఆయన చదువుకున్నవాడు, కాదనను. ఇంటికొచ్చి నేను మళ్లీ క్యాలెండరు, పెన్సిలు తీశాను. మా ఆయనతో చెప్పకుండా పది రోజులు రాశాను. పదకొండో రోజు నూకాలుకు ఫోను చేసి, మీ నాన్నను అడిగి చెప్పమని తిథులన్నీ చదివాను. ఆమె ఒక్కోదానికి టైము చెబుతుంటే నేను నా అంకెల పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. అన్నింటికీ పెట్టాను.

ఆ కాగితం మడిచి పట్టుకుని దుకాణంలోకి దిగాను. మధ్యాహ్నం, గిరాకీ లేదు. ఆయన మిషన్ ఆపి, తువ్వాలు తొడ మీద పరిచి, అరచెయ్యి పైకి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. దేనికోసమో కాచుకున్నట్టే ఉన్నాడు. నేను చూపించబోయే కాగితం వైపు చూడనే లేదు.

"నాకు తెలుసు విజయా. ఆ దినం డబ్బల చెయ్యి పెట్టినప్పటి నుంచే తెలుసు" అన్నాడు.

"మరి డాక్టర్ దగ్గర ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? సముద్రం వస్తాంది అని చెప్పాల్నా?"

నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన అరచేతిలో గీతల వెంట తడి మెల్లగా పైకి వస్తోంది. ముందు మధ్యలో, తర్వాత వేళ్ల మొదళ్లలో. నాకు చాలా భయమేసింది. ఆయన ముఖంలో మాత్రం భయం లేదు. ఆ రోజు ఇసుకలో కూర్చుని లేవనన్నప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఎదురుగా చెప్పుల షాపే ఉంది. ఆయన చూపు మాత్రం దాని దగ్గర ఆగలేదు.

కాసేపటికి ఆ తడిచేతిని నా చేతిలో పెట్టాడు. "ఇది గూడ నువ్వే తడుపుతానవా?" అన్నాడు.

నవ్వుతూ అన్నాడు గానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. జ్యేష్ఠం నుంచి నేను ఎదురుచూస్తున్న మాట అదే. ఆ ముల్లు ఆ రోజు పోయింది.

తర్వాత రుచి చూశాను, దాచడమెందుకు. ఉప్పగా ఉంది. చెమట కూడా ఉప్పగానే ఉంటుందని మీరంటారు. డాక్టరూ అదే అన్నాడు. కావచ్చు. కానీ చెమటకు తిథి ఎలా తెలుసన్నది ఇన్నాళ్లయినా నాకు అంతు చిక్కలేదు. దయ్యమని అనలేను, కాదని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

ఇప్పుడు పేర్లు కొట్టే పని పోటు లేనప్పుడే పెట్టుకుంటాం. బిందెలు వెనక్కి రావడం ఆగింది. క్యాలెండరు నేనే చూసి చెబుతాను. ఇది రాస్తూ నాలుగుసార్లు గడియారం వైపు చూశాను. ఈరోజు తదియ, పదకొండు కావస్తోంది. కింద మిషన్ చప్పుడు ఆగింది. నేను దిగాలి. ఎవరైనా సామాను కోసం వస్తే కాసేపు కూర్చోమని చెప్పి, నీళ్లు తగ్గేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.